పళ్ళ బండి మళ్ళీ ఎప్పుడు వస్తుంది?

సంచార దంత వైద్య వాహనాలు నడిపే ఆరోగ్య శాఖల అధికారులకు, దంత వైద్య కళాశాలల పెద్దలకు, స్వచ్ఛంద సంస్థల నిర్వాహకులకు ఒక పల్లె బడి ఉపాధ్యాయుడు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

మీ బండి మా బడికి వచ్చిన రోజు పిల్లల సంబరం ఇంతా అంతా కాదు. కాలితో నొక్కితే పైకి లేచే కుర్చీ, నోట్లోకి వెలుగు విసిరే దీపం, చిన్న అద్దం. అన్నీ వాళ్ళకు కొత్తే. వరుసలో నిలబడి ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ, పళ్ళు లెక్కపెట్టుకుంటూ పొద్దంతా గడిపారు. సాయంత్రానికి బడిలోని పిల్లలందరినీ చూడడం అయిపోయింది. తలా ఒక చీటీ, ఒక బ్రష్షు, చిన్న పేస్టు చేతికిచ్చి, అందరినీ కూర్చోబెట్టి ఫొటో తీసుకుని మీరు వెళ్ళిపోయారు.

కొన్ని నెలల తర్వాత మూడో తరగతి అమ్మాయి ఒకతె నోటు పుస్తకం దిద్దుతుంటే ఆ చీటీ జారి పడింది. నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర కాగితం మెత్తబడి చిరగడానికి సిద్ధంగా ఉంది. “నాలుగు పళ్ళకు చికిత్స అవసరం. సమీపంలోని దంత వైద్యశాలను సంప్రదించగలరు” అని రాసి ఉంది. సంచిలో మీరిచ్చిన బ్రష్షు కూడా కనిపించింది, అట్టపెట్టె తెరవకుండా. ఎందుకు వాడలేదమ్మా అని అడిగాను. “కొత్తది కదా సార్, అరిగిపోతుందని దాచుకున్నాను. ఇంట్లో ఒకటి ఉంది, అది మా అందరిదీ” అంది. అంటూనే ఎడమ దవడ మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పిల్ల మధ్యాహ్నం ముద్దను ఎప్పుడూ కుడివైపే నములుతుందని, అందరూ లేచి వెళ్ళిపోయాక కూడా పళ్ళెం ముందే కూర్చుని ఉంటుందని. నేను దాన్ని నెమ్మది అనుకున్నాను. అది నొప్పి.

ఈ ఉత్తరం ఆ చీటీ గురించే.

“సమీపంలోని” అన్న మాట రాసినవారికి ఎలా తోచిందో నాకు తెలియదు. ఆ తల్లికి మాత్రం అది రెండు బస్సులు మారి వెళ్ళవలసిన దూరం, ఒక రోజు కూలి, వెంట తీసుకువెళ్ళక తప్పని చంటిబిడ్డ. ఒక్క పన్నుకు రెండు మూడుసార్లు రమ్మంటారని ఆమె విని ఉంది. నొప్పి ఉన్న రోజున బస్సు దొరకదు, బస్సు దొరికిన రోజున నొప్పి తగ్గి ఉంటుంది. ఊరికి డాక్టరు రాలేడనే కదా మీరు బండి కట్టుకుని వచ్చారు. వచ్చినవారు పిల్లను మళ్ళీ పట్నానికే పొమ్మంటే, అంత దూరం వచ్చిన మీ శ్రమ ఏమైనట్టు?

పరీక్ష వద్దనడం లేదు. పరీక్షతో ఆగిపోవద్దని అడుగుతున్నాను. ఆ రోజు ఆ అమ్మాయికి కుర్చీ దగ్గరే చేయగలిగిన పనులు ఉన్నాయని ఆ తర్వాత నేను చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. మీకు తెలియనివి కావు. అయినా వరుసగా చెబుతాను, ఎందుకంటే మా ఊరి తల్లిదండ్రులకు ఇవి ఎవరూ చెప్పలేదు.

సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. పుచ్చిన చోట చిన్న కుంచెతో ఒక చుక్క అద్దితే చాలు, పుప్పి అక్కడితో ఆగి గట్టిపడే అవకాశం బాగా ఉంటుంది. సూది లేదు, పన్ను తొలిచే మర లేదు, కరెంటు అక్కరలేదు. ఒక్కో పంటికి నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. జపాన్‌లో దీన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. పంటి గుంటను నింపే గ్లాస్ అయనోమర్ సిమెంటు కూడా అదే ఏడాది ఆ జాబితాలోకి వచ్చింది. ఆ సిమెంటుతో చేసే పద్ధతి ఒకటి 1980ల మధ్యలో టాంజానియాలో, కరెంటు లేని పల్లెల కోసమే రూపుదిద్దుకుంది. మెత్తబడిన భాగాన్ని చేతి పనిముట్లతో గీకి తీసి, గుంటలో సిమెంటు నింపి, వేలితో అదిమి వదిలేస్తారు. ఆ సిమెంటు పంటికి అంటుకుంటుంది, పంటిని గట్టిపరిచే ఫ్లోరైడును తనలోంచి కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. చాలామంది పిల్లలకు మత్తు సూది అవసరమే రాదు.

అంటే పెద్ద బండి లేకపోయినా పని జరుగుతుంది. జనరేటరు, కంప్రెసరు, నీళ్ళ ట్యాంకు ఉన్న వాహనం వానాకాలంలో మా ఊరి దారిలో దిగబడుతుంది. ఏదైనా పాడైతే మరమ్మతు అయ్యేదాకా షెడ్డులో నిలబడిపోతుంది. మడత కుర్చీ, తలకు కట్టుకునే దీపం, శుద్ధి చేసిన పనిముట్ల డబ్బా, మందుల పెట్టె పట్టుకుని ఇద్దరు మనుషులు వస్తే మా తరగతి గదిలోనే సగానికి పైగా పని అయిపోతుంది. పెద్ద వాహనాన్ని నిజంగా దాని అవసరం ఉన్న పిల్లల కోసం, నరం దాకా పుచ్చిన పళ్ళ కోసం, పీకక తప్పని పళ్ళ కోసం దాచుకోండి. పనిముట్ల శుద్ధి విషయంలో మాత్రం ఎక్కడా రాజీ పడవద్దు. ఒక పిల్లవాడి నోట్లో పెట్టిన అద్దాన్ని నీళ్ళలో ముంచి ఇంకొకరి నోట్లో పెట్టడం చూస్తే ఊరు మిమ్మల్ని మళ్ళీ నమ్మదు. నమ్మకూడదు కూడా.

ఒక జాగ్రత్త. సిల్వర్ మందు పుప్పిని నల్లగా మారుస్తుంది, ఆ నలుపు పోదు. ఈ ముక్క ముందుగా చెప్పకపోతే ఏమవుతుందో చూశాను. ఇంకో ఊరి బడిలో పనిచేస్తున్నప్పుడు ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని తరగతి గదిలోకి వచ్చింది. “నా బిడ్డ ముందు పళ్ళకు మసి పూసి పంపించారు. రేపు వీణ్ణి అందరూ వెక్కిరిస్తే ఎవరు సమాధానం చెబుతారు?” అని నిలదీసింది. వైద్యం సరైనదే. కానీ ఆమెను ఎవరూ అడగలేదు. అనుమతి పత్రం మీద సంతకం ఉంది. ఆ పత్రంలోని వాక్యాలు నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. దయచేసి అనుమతి అంటే సంతకం అనుకోకండి. ముందురోజు సాయంత్రం, పనులు ముగించుకుని వచ్చే వేళకు, తల్లిదండ్రులను బడికి పిలవండి. మందు వేయక ముందు, వేశాక పన్ను ఎలా ఉంటుందో ఫొటోలు చూపించండి. నల్లబడినా నొప్పి లేని పన్ను కావాలా, మరో మార్గం చూడమంటారా అని వాళ్ళనే అడగండి. వెనకపళ్ళకు సరేనని ముందుపళ్ళకు వద్దనేవారు ఉంటారు. అది వారి హక్కు.

“పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అన్న మాట ఇంటింటా వింటాం. డాక్టర్ల నోట కూడా విన్నాను, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. పాలపళ్ళు ఇరవై. మొదటిది ఆరో నెల ప్రాంతంలో వస్తుంది, మూడేళ్ళ లోపు అన్నీ వచ్చేస్తాయి. కానీ అన్నీ ఒకేసారి ఊడవు. వెనకవైపు పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాలి. నాలుగేళ్ళ పిల్లవాడికి పుచ్చిన దవడపన్ను ఇంకా ఆరేడేళ్ళు నమలవలసిన పన్ను. అది ముందే పోతే వెనకనున్న శాశ్వత దంతం ముందుకు జరిగి, కింద నుంచి రావలసిన పంటికి చోటు లేకుండా చేస్తుంది. చీము పడితే కింద తయారవుతున్న కొత్త పన్ను కూడా దెబ్బతినవచ్చు. పళ్ళ సంగతి అటుంచి, రాత్రంతా సలిపే దవడతో నిద్రలేని పిల్లవాడు పొద్దున్న నా ముందు కూర్చుని ఎక్కాలు ఎలా అప్పజెప్పగలడు? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక, పాలపళ్ళు పుచ్చిన పిల్లలు లోకంలో సుమారు 51 కోట్ల 40 లక్షల మంది అని చెప్పింది. ఇంతమంది పిల్లల నొప్పిని “ఊడిపోయేవే కదా” అని ఎలా తీసిపారేస్తాం?

పంటి చీము ప్రాణం మీదికి రావడం అరుదే గాని, లేకపోలేదు. 2007లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పన్నెండేళ్ళ బాలుడు పంటి నుంచి మెదడుకు పాకిన ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. అంత సంపన్న దేశంలో ఆ కుర్రవాడికి వేళకు పంటి డాక్టరు దొరకలేదు. దవడ వాచి జ్వరంతో ఉన్న పిల్లవాడు కనిపిస్తే చీటీ రాసి వదలకండి. ఆ రోజే మీ బండిలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక ఆరేళ్ళ పన్ను. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు మూలలా నాలుగు శాశ్వత దవడపళ్ళు వస్తాయి. పన్ను ఊడలేదు గనుక కొత్తది వచ్చిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. చూసినవారు కూడా అది పాలపన్నే అనుకుంటారు. దాని మీద లోతైన సన్నని గాళ్ళు ఉంటాయి, బ్రష్షు కుచ్చు అందులోకి దిగదు. పైగా పన్ను పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అంతకాలం అది పక్క పళ్ళ కంటే కిందే ఉండి, తోముతున్న చేతికి తగలకుండా తప్పించుకుంటుంది. ముసలితనం దాకా పనిచేయవలసిన పన్ను రెండో తరగతిలోనే పుచ్చిపోవడం నేను చూసిన సంగతే. ఆ గాళ్ళను పూతతో మూసేస్తే వెనకపళ్ళ పుప్పిలో చాలా భాగాన్ని ఆపవచ్చని ఎన్నో దేశాల బడుల్లో రుజువైంది. పిల్లవాడు నోరు తెరిచి కదలకుండా కాసేపు కూర్చుంటే చాలు, నొప్పి అన్నదే ఉండదు. పన్నెండేళ్ళ ప్రాంతంలో వీటి వెనక ఇంకో నాలుగు వస్తాయి, వాటికీ ఇదే పని.

కాబట్టి మీ పర్యటనల క్యాలెండరును వాహనం ఖాళీని బట్టి కాకుండా పిల్లల నోటిని బట్టి వేసుకోండి. ఆరేడేళ్ళ వారిని, పదకొండు నుంచి పదమూడేళ్ళ వారిని ఏ ఏడాదీ వదలవద్దు. మిగిలినవారి పళ్ళకు ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత వేయండి. ఇంకా బడిలో చేరని మూడు, నాలుగేళ్ళ వారు మీ లెక్కలోకే రావడం లేదు. ఆరేళ్ళకు మా దగ్గరికి వచ్చేసరికి కొందరి ముందుపళ్ళు మొదళ్ళ దాకా కరిగిపోయి ఉంటున్నాయి. చంటిపిల్లలకు టీకాలు వేసే చోటికి మీ మనిషి ఒకరు వెళ్ళి, తీపి పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఏం చేస్తుందో తల్లులకు చెబితే, ఆ పళ్ళలో చాలా మిగులుతాయి.

భయం గురించి కొంచెం. ఇంకో ఊరి బడికి వచ్చిన బండిలో మొట్టమొదట కుర్చీ ఎక్కిన పిల్లవాడికి పన్ను పీకారు. నోట్లో దూదితో, చొక్కా మీద రక్తపు చుక్కతో ఏడుస్తూ మెట్లు దిగాడు. వరుసలో ఉన్నవారిలో నలుగురు గోడ దూకి ఇంటికి పారిపోయారు, ఇద్దరు మరుసటి రోజు కూడా బడికి రాలేదు. పీకవలసినవి చివర పెట్టుకోండి. ముందు పళ్ళు లెక్కపెట్టండి, అద్దం వాళ్ళ చేతికివ్వండి, గాలి ఊదే గొట్టాన్ని అరచేతి మీద ఊది చూపించండి. ఏం చేయబోతున్నారో చెప్పి, చూపించి, అప్పుడు చేయండి. మొదటిసారి ఏ నొప్పీ లేకుండా కుర్చీ దిగిన పిల్లవాడు రెండోసారి తనంతట తానే ఎక్కుతాడు.

పళ్ళ పాఠం సంగతికి వస్తాను. మీరు ప్లాస్టిక్ దవడ చూపించి, “రోజుకు రెండుసార్లు తోముకోవాలి, తీపి తినకూడదు” అని పిల్లలచేత బిగ్గరగా చెప్పించారు. బాగానే చెప్పారు. వారం తిరిగేసరికి వాళ్ళకు మిగిలింది ఆ దవడ గుర్తు మాత్రమే. పదేపదే చేయించిన పనే చేతికి అలవాటవుతుందని రోజూ పలకలు పట్టించే మాకు తెలుసు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు రోజూ కలిసి చేతులు కడుక్కుని, ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకునే పద్ధతి నడిపారు. స్కాట్లాండ్‌లో శిశు పాఠశాలల్లో పెద్దల కళ్ళెదుటే చిన్నపిల్లలు రోజూ తోముకుంటారు. అక్కడ నీళ్ళ తొట్టి కూడా అవసరం లేదు. పొడి బ్రష్షు మీద పేస్టు పెట్టుకుని, తోముకుని, ఉమ్మేస్తే సరిపోతుంది. మా బడిలోనూ ఇది సాధ్యమే. మీరు ఇవ్వవలసింది పేర్లు రాసిన బ్రష్షులు, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి ఆరబెట్టే పలక, పెద్ద పేస్టు డబ్బా, మూడు నెలలకోసారి కొత్త బ్రష్షులు. ఆ అమ్మాయి దాచుకున్న బ్రష్షు లాంటిది బడిలోనే ఉంటే అది ఆమె ఒక్కదానిదే అవుతుంది. అరిగితే ఇంకోటి వస్తుందన్న ధైర్యం ఉంటే దాచుకోదు.

నేర్పవలసిన చిన్న విషయాలు మాకూ సరిగ్గా తెలియవు. మూడేళ్ళ లోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలని, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా పరచకూడదని నాకు ఈ మధ్యే తెలిసింది. తోముకున్నాక నురగ ఉమ్మేయాలే గాని, నోరంతా నీళ్ళతో పుక్కిలిస్తే పంటి మీద మిగలవలసిన ఫ్లోరైడు కొట్టుకుపోతుందని కూడా. ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల చేతికి సరైన వాటం రాదు, పెద్దలే ఒకసారి తోమి పెట్టాలి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది గనుక రాత్రి తోముకోవడం మానకూడదు. తీపి ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ఎక్కువ చేటు చేస్తుందన్న సంగతి కూడా పిల్లలకు చెప్పదగ్గది. తీపి తగిలినప్పుడల్లా నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి, పంటి పింగాణి పొర కరగడం మొదలవుతుంది, దాన్ని లాలాజలం సరిదిద్దడానికి అరగంటో ఇంకా ఎక్కువో పడుతుంది. గంట గంటకూ ఏదో ఒకటి చప్పరించే పిల్లవాడి పంటికి కోలుకునే వ్యవధే దొరకదు. ఇలా చెబితే పిల్లలకు అర్థమవుతుంది. తీపి పాపమని చెబితే చాటుగా తింటారు.

ఫ్లోరైడ్ గురించి చెప్పే ముందు ఆ ఊరి నీళ్ళు పరీక్షించి రండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు మించిన ఊళ్ళలో పళ్ళ మీద తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి తోమితే పోయేవి కావు. మా బడిలో అలాంటి పళ్ళున్న అబ్బాయిని నలుగురి ముందు నిలబెట్టి “పళ్ళు తోముకోకపోతే ఇలా అవుతాయి” అని చూపించారు మీ బృందంలో ఒకరు. బహుశా కొత్తగా చదువుకుంటున్నవారేమో. ఆ అబ్బాయి మా బడిలో అందరికంటే ఎక్కువసేపు పళ్ళు తోముకునేవాడు, ఆ మచ్చలు పోతాయని. ఆ రోజు నుంచి నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఆటల్లో ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు పడిపోయి ముందుపన్ను మొదలంటా ఊడి నేల మీద పడింది. నేను దాన్ని తీసి, మట్టి పోయేలా గుడ్డతో బాగా రుద్ది, కాగితంలో చుట్టి, వాళ్ళ నాన్న వచ్చాక చేతిలో పెట్టాను. పట్నం డాక్టరు దాన్ని చూసి ఇక పనికిరాదన్నారట. ఊడిన శాశ్వత దంతాన్ని వేరు ముట్టకుండా పైభాగం పట్టుకుని, మురికి ఉంటే కొద్దిగా కడిగి, వెంటనే దాని చోట్లోనే పెట్టి గుడ్డ కరిపించి డాక్టరు దగ్గరికి పంపాలట. అది చేతకాకపోతే పాలలో వేసి గంటలోపు చేర్చాలట. పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు. నాకు ఈ నాలుగు ముక్కలు ఆ రోజు తెలిసి ఉంటే ఆ పిల్లవాడి నోట్లో ఆ ఖాళీ ఉండేది కాదేమో. మీరు వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయులను ఒక గంట కూర్చోబెట్టి ఇవి నేర్పండి. మీరు ఏడాదికి రెండు రోజులు ఉంటారు, మేము రోజూ ఉంటాం.

మీ నివేదికల గురించి కూడా అడగాలని ఉంది. వాటిలో ఇంతమంది పిల్లలను పరీక్షించాం, ఇన్ని కిట్లు పంచాం అని ఉంటుంది. ఆ అంకె పెద్దదైతే మరుసటి ఏడాది నిధులు వస్తాయని, అందుకే ఒక ఊరిని రెండోసారి చూడడం కంటే కొత్త ఊరికి వెళ్ళడానికే మొగ్గు చూపుతారని విన్నాను. ఆ పట్టికలో ఇంకో మూడు గడులు చేర్చండి. నొప్పితో వచ్చినవారిలో ఎందరికి ఆ రోజే నొప్పి తీరింది? పట్నానికి పంపినవారిలో ఎందరు నిజంగా వెళ్ళారు? ఆరు నెలల తర్వాత అదే పిల్లల నోరు మళ్ళీ చూశారా? పిల్లల పేర్ల వారీ పుస్తకం ఒకటి మా బడిలో ఉంచి వెళ్ళండి. ఎవరి పన్ను ఎప్పుడు సలిపిందో, ఎవరు బడి మానేశారో మేము రాసి పెడతాం. మీరు తిరిగి వచ్చిన రోజున వరుస ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది. పట్నానికి పంపక తప్పనివారిని ఒకే రోజున, ఒకే బండిలో, ఒక ఉపాధ్యాయుణ్ణి తోడిచ్చి పంపే ఏర్పాటు చేస్తే ఏ తల్లీ కూలి పోగొట్టుకోనక్కరలేదు. ఆ రోజు సెలవు పెట్టి వాళ్ళతో రావడానికి నేను సిద్ధం.

నోటు పుస్తకంలోంచి పడ్డ ఆ చీటీని నేనే తీసుకున్నాను. ఒక ఆదివారం ఆ అమ్మాయినీ వాళ్ళ అమ్మనూ వెంటబెట్టుకుని పట్నం వెళ్ళాను. నాలుగింటిలో రెండు పళ్ళు అప్పటికే పీకక తప్పలేదు. మీరు వచ్చిన రోజున వాటికి అంత ముప్పు లేదని, గుంటలు చిన్నవేనని చీటీ మీది గుర్తులే చెబుతున్నాయి. మిగిలిన రెండు నిలిచాయి. ఇప్పుడు రెండువైపులా నములుతోంది.

మా బడిలో నోటీసు బోర్డు ఒకటి ఉంది. అందులో ఒక మూల ఖాళీగా ఉంచాను. మీరు మళ్ళీ వచ్చే తేదీ చెబితే అక్కడ రాస్తాను. పిల్లలు రోజూ అడుగుతున్నారు.

భవదీయుడు,
ఒక పల్లె బడి ఉపాధ్యాయుడు